మెసేజ్ "అందింది" అని ఎప్పుడు చెప్పాలి: వెబ్‌హుక్, కాఫ్కా ఇన్‌బౌండ్ ఎండ్‌పాయింట్ల అమరిక

బయటి నుంచి వచ్చే మెసేజ్‌ని తీసుకుని లోపలికి పంపడమే ఇన్‌బౌండ్ ఎండ్‌పాయింట్ పని. పైకి చూస్తే ఇందులో పెద్దగా ఏమీ లేదనిపిస్తుంది. కానీ మధ్యలో మాయమైన మెసేజ్‌లకూ, రెండుసార్లు లెక్కపడిన మెసేజ్‌లకూ కారణం వెతుక్కుంటూ వెళ్తే చాలాసార్లు ఒకే ప్రశ్న దగ్గర ఆగుతాం: పంపినవాళ్లకి "అందింది" అని మనం ఏ క్షణంలో చెప్పాం? రిజిస్టర్ పోస్టు చేతికి రాకముందే సంతకం పెట్టేస్తే, తర్వాత కవరు కనబడకపోయినా పోస్టాఫీసుని అడగడానికి ఉండదు. కవరు తీసుకుని సంతకం పెట్టడం మరిచిపోతే పోస్ట్‌మాన్ రేపు మళ్లీ తలుపు కొడతాడు. కింద చెప్పే సెట్టింగులన్నీ ఆ సంతకం సమయం చుట్టూ తిరిగేవే.

ఉదాహరణకి మామూలుగా కనబడే ఒక గొలుసు తీసుకుందాం. పేమెంట్ సంస్థ రేజర్‌పే నుంచి పేమెంట్ ఈవెంట్ వెబ్‌హుక్‌గా (ఏదైనా జరగగానే వాళ్లే మన యూఆర్‌ఎల్‌కి పంపే హెచ్‌టీటీపీ రిక్వెస్ట్‌గా) వస్తుంది. మన హెచ్‌టీటీపీ ఎండ్‌పాయింట్ దాన్ని కాఫ్కా (మెసేజ్‌లని దాచి అందించే వ్యవస్థ) టాపిక్‌లో, అంటే పేరున్న ఒక మెసేజ్‌ల చిట్టాలో వేస్తుంది. అవతల ఒక కన్స్యూమర్ (టాపిక్ నుంచి చదివే ప్రోగ్రాం) చదివి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఆర్డర్ స్థితి మారుస్తుంది. అంటే ఇందులో సంతకం పెట్టాల్సిన ద్వారాలు రెండు.

మొదటి ద్వారం: వెబ్‌హుక్

రేజర్‌పే డ్యాష్‌బోర్డులో యూఆర్‌ఎల్, సీక్రెట్ (ఇద్దరికి మాత్రమే తెలిసిన రహస్య పదం), కావలసిన ఈవెంట్లు ఇవ్వాలి. టెస్ట్ మోడ్‌కీ లైవ్ మోడ్‌కీ వెబ్‌హుక్‌లు వేర్వేరుగా పెట్టాలి. వెబ్‌హుక్ సీక్రెట్ వేరు, ఏపీఐ కీతో వచ్చే సీక్రెట్ వేరు. రేజర్‌పే మెసేజ్‌తో పంపే డిజిటల్ సంతకం (ఇది మన "అందింది" సంతకం కాదు) సరిపోవడం లేదంటే ముందు చూడాల్సింది ఈ రెండూ తారుమారయ్యాయేమో. ఈవెంట్లలో నిజంగా వాడేవే ఎంచుకోండి. "ఉంటే ఎప్పుడైనా పనికొస్తాయి" అని అన్నీ టిక్ చేస్తే, ఎవరూ చదవని ఈవెంట్లకి కూడా జవాబు చెప్పే భారం మీ సర్వర్ మీదే పడుతుంది.

రిక్వెస్ట్ రాగానే చేయాల్సిన పని ఆ డిజిటల్ సంతకం సరిచూడటం. మెసేజ్ బాడీ మీద వెబ్‌హుక్ సీక్రెట్‌తో హెచ్‌మ్యాక్ ఎస్‌హెచ్‌ఏ-256 (బాడీనీ సీక్రెట్‌నీ కలిపి లెక్కగట్టే ముద్ర) కట్టి, ఎక్స్-రేజర్‌పే-సిగ్నేచర్ హెడర్‌లో వచ్చినదానితో పోల్చాలి. ఇక్కడ అందరూ ఒకసారి పడే గుంట ఒకటుంది. ఫ్రేమ్‌వర్క్ బాడీని ముందే జేసన్ ఆబ్జెక్ట్‌గా మార్చి చేతికిస్తుంది, మనం దాన్ని తిరిగి స్ట్రింగ్ చేసి హెచ్‌మ్యాక్ కడతాం. కోలన్ తర్వాత ఒక ఖాళీ పెరిగినా, 500.00 కాస్తా 500.0 అయినా, తెలుగు పేరులోని అక్షరాలు యూనికోడ్ ఎస్కేప్‌లుగా మారినా బైట్లు మారిపోతాయి, సంతకం తప్పుతుంది. పైగా ఇంగ్లీషు పేర్లున్న ఆర్డర్లన్నీ సాఫీగా వెళ్లిపోతూ, నోట్స్‌లో తెలుగు ఉన్నవి మాత్రమే ఆగిపోతుంటే ఈ కారణం వెంటనే తట్టదు. అందుకే జేసన్ పార్సర్ ముట్టుకోకముందే, నెట్‌వర్క్ మీద వచ్చిన బైట్లు వచ్చినట్టే పక్కన పట్టుకోండి. హెచ్‌మ్యాక్ వాటి మీదే కట్టండి. పోల్చడానికి మామూలు స్ట్రింగ్ పోలిక వద్దు, తేడా ఎక్కడున్నా ఒకే సమయం తీసుకునే పోలిక ఫంక్షన్ దాదాపు ప్రతి భాషలోనూ ఉంది, అదే వాడండి.

సీక్రెట్ మార్చేటప్పుడు కొంతకాలం పాతదీ కొత్తదీ రెండూ ఒప్పుకునేలా ఉంచాలి. మార్పుకు ముందు విఫలమై ఇప్పుడు మళ్లీ వస్తున్న మెసేజ్‌లు పాత సీక్రెట్‌తోనే సంతకమై వస్తాయి.

ఇక మన "అందింది" సంతకం సమయం. రేజర్‌పే మన జవాబు కోసం 5 సెకన్లు చూస్తుంది. ఆలోపు 2తో మొదలయ్యే (200 లాంటి, విజయాన్ని చెప్పే) స్టేటస్ కోడ్ రాకపోతే విఫలమైనట్టు లెక్కగట్టి, మధ్య విరామం పెంచుకుంటూ 24 గంటల పాటు మళ్లీ మళ్లీ పంపుతుంది, అప్పటికీ కుదరకపోతే ఆ వెబ్‌హుక్‌నే ఆపేస్తుంది. అందరి పద్ధతీ ఇదే అనుకోవద్దు. గిట్‌హబ్ 10 సెకన్లు చూస్తుంది, విఫలమైతే తనంతట తాను మళ్లీ పంపదు, మనమే అడిగి పంపించుకోవాలి. కొత్త సంస్థ వెబ్‌హుక్ కలుపుతున్నప్పుడు వాళ్ల డాక్యుమెంట్లో ముందు వెతకాల్సినవి మూడే: ఎన్ని సెకన్లు ఆగుతారు, మళ్లీ పంపుతారా, మెసేజ్ మళ్లీ పంపినా మారని ఐడీ ఏ హెడర్‌లో ఇస్తారు.

5 సెకన్లలో ఆర్డర్ స్థితి మార్చి, ఇన్వాయిస్ తయారుచేసి, కస్టమర్‌కి మెసేజ్ పంపి, అప్పుడు 200 చెప్పాలనుకుంటే రద్దీ రోజున దొరికిపోతాం. అలాగని రిక్వెస్ట్ రాగానే 200 చెప్పేసి, ఆ తర్వాత మెమొరీలో ఉన్న మెసేజ్‌ని తీరిగ్గా కాఫ్కాకి పంపడం ఇంకా ప్రమాదం: మధ్యలో ప్రాసెస్ పడిపోతే మెసేజ్ ఎక్కడా ఉండదు, పంపినవాళ్లు మాత్రం మన సంతకం చూపిస్తారు. సరైన చోటు ఈ రెంటికీ మధ్య ఉంది. సంతకం సరిచూడాలి, కాఫ్కాకి రాయాలి, రాసినట్టు బ్రోకర్ (కాఫ్కా సర్వర్) చెప్పాక 200 ఇవ్వాలి. ఈ దారిలో వేరే పని ఏదీ పెట్టకూడదు.

ప్రొడ్యూసర్ టైమ్‌అవుట్‌లు

చాలామంది వదిలేసే భాగం ఇదే. కాఫ్కా ప్రొడ్యూసర్‌లో (టాపిక్‌లో రాసే భాగం, ఇక్కడ మన ఎండ్‌పాయింట్‌లోది) పంపడానికి మొత్తం గడువైన డెలివరీ.టైమ్‌అవుట్.ఎమ్ఎస్ డిఫాల్ట్ 1,20,000, అంటే 2 నిమిషాలు. ఒక్కో ప్రయత్నానికి గడువైన రిక్వెస్ట్.టైమ్‌అవుట్.ఎమ్ఎస్ 30 సెకన్లు. మెటాడేటా దొరకనప్పుడో బఫర్ నిండినప్పుడో ఆగే మ్యాక్స్.బ్లాక్.ఎమ్ఎస్ 60 సెకన్లు. అవతల రేజర్‌పే మాత్రం 5 సెకన్లే ఆగుతుంది. బ్రోకర్ 20 సెకన్లు మందగించిందనుకోండి: అవతలివాళ్లు "విఫలం" అని రాసుకుని వెళ్లిపోతారు, మన ప్రొడ్యూసర్ ఇరవై ఒకటో సెకనులో విజయవంతంగా రాస్తుంది, కాసేపటికి అదే ఈవెంట్ మళ్లీ వస్తుంది. అంతేకాదు, ఆగిపోయిన రిక్వెస్టులన్నీ థ్రెడ్లు పట్టుకుని కూర్చోవడంతో కొత్తవి కూడా లోపలికి రాలేవు.

కాబట్టి లోపలి టైమ్‌అవుట్‌ల మొత్తం బయటి టైమ్‌అవుట్ కంటే తక్కువ ఉండాలి. 5 సెకన్ల గడువుకి ఈ అంకెలు సరిపోతాయి: మ్యాక్స్.బ్లాక్.ఎమ్ఎస్ 1000, రిక్వెస్ట్.టైమ్‌అవుట్.ఎమ్ఎస్ 2000, డెలివరీ.టైమ్‌అవుట్.ఎమ్ఎస్ 3000. రిక్వెస్ట్ గడువు డెలివరీ గడువులో భాగమే కాబట్టి, ఎంత ఆలస్యమైనా 1 + 3 = 4 సెకన్లలో తేలిపోతుంది, జవాబు చెప్పడానికి ఒక సెకను మిగులుతుంది. డెలివరీ టైమ్‌అవుట్ ఒక్కటే తగ్గించి ఊరుకుంటే ప్రొడ్యూసర్ స్టార్ట్ అవ్వడానికే ఒప్పుకోదు. అది లింగర్.ఎమ్ఎస్ (మెసేజ్‌లు పోగయ్యేదాకా ఆగే సమయం), రిక్వెస్ట్.టైమ్‌అవుట్.ఎమ్ఎస్ రెండూ కలిపినదానికంటే తక్కువ ఉండకూడదు.

యాక్స్ (ఎన్ని కాపీలు రాశాక బ్రోకర్ "రాశాను" అనాలో చెప్పే సెట్టింగ్) విలువ 'ఆల్' ఉండాలి. కాఫ్కా 3.0 నుంచి డిఫాల్ట్ అదే, పాత క్లయింట్లలో మనమే పెట్టాలి. అయితే యాక్స్ 'ఆల్' ఒక్కటే చాలదు. టాపిక్‌కి మూడు కాపీలుండి మిన్.ఇన్‌సింక్.రెప్లికాస్ (కనీసం ఎన్ని కాపీలు తాజాగా ఉండాలి) 1గా వదిలేస్తే, రెండు కాపీలు వెనకబడిన రోజున 'ఆల్' అన్నా లీడర్ (ప్రధాన కాపీ) ఒక్కటే సంతకం పెట్టేస్తుంది. దాన్ని 2 చేయండి. మెసేజ్ కీగా ఆర్డర్ ఐడీ ఇవ్వండి, ఒక ఆర్డర్‌కి సంబంధించినవన్నీ ఒకే పార్టిషన్‌లో (టాపిక్‌లోని ఒక భాగం) వరుసగా పడతాయి. అవి మన దగ్గరికి చేరిన వరుసే అసలు వరుస అని మాత్రం అనుకోవద్దు. పేమెంట్ క్యాప్చర్ అయిన (డబ్బు తీసుకున్న) ఈవెంట్, అంతకుముందు జరిగే ఆథరైజ్ అయిన (బ్యాంకు ఒప్పుకున్న) ఈవెంట్ కంటే ముందే రావచ్చు. స్థితి మార్చేటప్పుడు వెనక్కి వెళ్లకుండా చూసుకునే బాధ్యత కన్స్యూమర్‌దే.

జవాబు కోడ్‌లు ఇలా పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. బ్రోకర్ ఒప్పుకుంటే 200. టైమ్‌అవుట్ అయితే 503. సంతకం తప్పితే 401. సంతకం సరిగ్గా ఉండి, ఈవెంట్ రకం మనకి తెలియనిదైతే 400 ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకండి. ఆ ఒక్క రకం ఈవెంట్ 24 గంటలు విఫలమై వెబ్‌హుక్ మొత్తం ఆగిపోతే మంచి పేమెంట్లు కూడా రావు. తెలియనిదైనా టాపిక్‌లో వేసి 200 చెప్పండి, ఏం చేయాలో తర్వాత చూడొచ్చు. మీ అప్లికేషన్‌కి ముందు ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఉంటే దాని బాడీ పరిమితి డిఫాల్ట్ 1 ఎంబీ అని గుర్తుంచుకోండి. అది దాటితే 413 ఇంజిన్‌ఎక్సే ఇచ్చేస్తుంది, మీ అప్లికేషన్ లాగ్‌లో ఒక్క లైను కూడా పడదు.

రెండో ద్వారం: కాఫ్కా కన్స్యూమర్

కనెక్షన్ దగ్గరే ఆగిపోయేవాళ్లు ఎక్కువ కాబట్టి అది ముందు. బూట్‌స్ట్రాప్.సర్వర్స్‌లో ఇచ్చే చిరునామా తొలి పరిచయానికే. క్లయింట్ అక్కడికి వెళ్లి "ఏ పార్టిషన్ ఎక్కడుంది" అని అడుగుతుంది, బ్రోకర్ తన అడ్వర్టైజ్డ్.లిసనర్స్‌లో రాసి ఉన్న చిరునామాలు చెబుతుంది, ఆ తర్వాత మాటలన్నీ ఆ చిరునామాలతోనే. డాకర్‌లో పెట్టిన బ్రోకర్ 'లోకల్‌హోస్ట్:9092' అని ప్రకటించుకుంటే వేరే కంటైనర్‌లోని కన్స్యూమర్ తన లోకల్‌హోస్ట్‌లోనే వెతుక్కుంటుంది. టెల్నెట్ కలుస్తుంది, పోర్టు తెరిచే ఉంటుంది, కన్స్యూమర్ మాత్రం పనిచేయదు. కంటైనర్ల లోపలికి ఒక లిసనర్, బయటి మెషీన్లకి వేరే పోర్టులో ఇంకో లిసనర్ పెట్టి, రెంటికీ వేర్వేరు చిరునామాలు ప్రకటిస్తే తీరిపోతుంది.

ఏసీఎల్‌లు (ఎవరు ఏం చేయొచ్చో చెప్పే అనుమతుల జాబితాలు) వాడుతుంటే కన్స్యూమర్‌కి రెండు అనుమతులు కావాలి: టాపిక్ మీద రీడ్, గ్రూప్ (ఒకే టాపిక్‌ని పంచుకుని చదివే కన్స్యూమర్ల బృందం) మీద రీడ్. రెండోది మరిచిపోవడం మామూలే. గ్రూప్ ఆథరైజేషన్ ఎర్రర్ కనబడితే టాపిక్ అనుమతులు తిరగెయ్యక్కర్లేదు.

గ్రూప్.ఐడీ పేరు అప్లికేషన్‌కి ఒకటి, ఎన్విరాన్‌మెంట్‌కి ఒకటి ఉండాలి. ఇంకో సర్వీస్ కాన్ఫిగ్ కాపీ కొట్టి గ్రూప్ పేరు మార్చడం మరిచిపోతే, ఒకే టాపిక్ పార్టిషన్లు రెండు సర్వీసుల మధ్య పంచుకోబడతాయి. "సగం ఆర్డర్లే అప్‌డేట్ అవుతున్నాయి, సగం అలాగే ఉంటున్నాయి" అనే ఫిర్యాదు వస్తే మొదట గ్రూప్ సభ్యుల జాబితా చూడండి. 6 పార్టిషన్ల టాపిక్‌కి 8 కన్స్యూమర్లు పెడితే ఇద్దరు ఊరికే కూర్చుంటారు, అది తప్పేమీ కాదు, ఖర్చు మాత్రమే.

ఆటో.ఆఫ్‌సెట్.రీసెట్ డిఫాల్ట్ 'లేటెస్ట్'. గ్రూప్‌కి దాచుకున్న ఆఫ్‌సెట్ (పార్టిషన్‌లో ఎక్కడి నుంచి చదవాలో చెప్పే అంకె) లేనప్పుడో, ఉన్నా ఆ చోటి మెసేజ్‌లు టాపిక్ నుంచి చెరిగిపోయినప్పుడో మాత్రమే ఇది పనిలోకి వస్తుంది. పేమెంట్ లాంటి వాటికి 'ఎర్లియెస్ట్' పెట్టండి. 'లేటెస్ట్' ఉంటే కొత్త గ్రూప్ మొదలవకముందు వచ్చినవి కనబడవు, ఇది అందరికీ తెలుసు. తెలియనివి రెండున్నాయి. టాపిక్‌కి పార్టిషన్లు పెంచినప్పుడు కన్స్యూమర్ వాటిని గుర్తించడానికి 5 నిమిషాల దాకా పట్టవచ్చు, ఆలోపు కొత్త పార్టిషన్‌లో పడినవి 'లేటెస్ట్' వల్ల దాటిపోతాయి. రెండోది, గ్రూప్‌లో ఎవరూ లేకుండా 7 రోజులు (డిఫాల్ట్) గడిస్తే దాచిన ఆఫ్‌సెట్లని బ్రోకర్ తీసేస్తుంది. సంక్రాంతి సెలవులకి స్టేజింగ్ (లైవ్‌కి ముందు పరీక్షించే సర్వర్లు) ఆపేసి పది రోజుల తర్వాత మళ్లీ మొదలుపెడితే అది కొత్త గ్రూప్ కింద లెక్క. 'ఎర్లియెస్ట్' ఉంటే ఉన్నదంతా మొదటినుంచి చదువుతుంది, 'లేటెస్ట్' ఉంటే సెలవుల్లో వచ్చినవన్నీ వదిలేస్తుంది.

కన్స్యూమర్ సంతకం: ఆఫ్‌సెట్ కమిట్

కమిట్ అంటే ఎక్కడిదాకా పూర్తయిందో కాఫ్కాకి చెప్పడం. ఎనేబుల్.ఆటో.కమిట్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, 5 సెకన్లకోసారి. ఆటో కమిట్ అంటేనే మెసేజ్‌లు పోతాయన్న మాట తరచూ వినబడుతుంది గానీ అది పూర్తిగా నిజం కాదు. జావా క్లయింట్‌లో ఆటో కమిట్ జరిగేది పోల్ (కొత్త మెసేజ్‌లు అడిగే ఫంక్షన్) లేదా క్లోజ్ పిలిచినప్పుడే, అదీ అంతకుముందు పోల్‌లో ఇచ్చిన మెసేజ్‌ల వరకే. అదే లూప్‌లో, అదే థ్రెడ్‌లో అన్నీ పూర్తి చేశాకే మళ్లీ పోల్ గానీ క్లోజ్ గానీ పిలిస్తే ఏదీ పోదు. మెసేజ్‌లని థ్రెడ్‌పూల్‌కి (పక్కన పనిచేసే థ్రెడ్ల గుంపుకి) అప్పగించి వెంటనే మళ్లీ పోల్ పిలిచినప్పుడే చేయని పనికి సంతకం పడుతుంది. అయినా డబ్బు వ్యవహారాల్లో దాన్ని ఆఫ్ చేసి, డేటాబేస్ ట్రాన్సాక్షన్ పూర్తయ్యాక మనమే కమిట్ చేయడం మేలు. ఆరు నెలల తర్వాత కోడ్ తెరిచినవాళ్లకి సంతకం ఎక్కడ పడుతోందో కళ్లకి కనబడుతుంది.

చేత్తో కమిట్ చేసేటప్పుడు ఇవ్వాల్సింది ఇకపై చదవాల్సిన ఆఫ్‌సెట్. 107 పూర్తయితే 108 అని రాయాలి. 107 అనే రాస్తే రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ చివరి మెసేజ్ మళ్లీ వస్తుంది. థ్రెడ్‌పూల్ వాడుతుంటే, 105 ఇంకా నడుస్తుండగా 107 ముందే అయిపోయిందని 108 కమిట్ చేయకూడదు. చేశాక ప్రాసెస్ పడితే 105 మళ్లీ రాదు. వరుసగా ఎంతవరకు పూర్తయిందో అంతవరకే కమిట్.

ఇప్పుడు అసలైన తలనొప్పి. మ్యాక్స్.పోల్.రికార్డ్స్ (ఒక్క పోల్‌కి ఇచ్చే గరిష్ఠ మెసేజ్‌లు) డిఫాల్ట్ 500, మ్యాక్స్.పోల్.ఇంటర్వల్.ఎమ్ఎస్ (రెండు పోల్‌ల మధ్య గరిష్ఠ విరామం) 3,00,000, అంటే 5 నిమిషాలు. ఒక్కో మెసేజ్‌కి బయటి ఏపీఐ పిలుపుతో కలిపి 0.8 సెకను పడుతుందనుకోండి. 500 మెసేజ్‌లకి 400 సెకన్లు. 300వ సెకనులో కన్స్యూమర్ గ్రూప్ నుంచి బయటికి వచ్చేస్తుంది, దాని పార్టిషన్లు ఇంకొకరికి వెళ్తాయి. ఆ ఇంకొకరు పాత ఆఫ్‌సెట్ నుంచి అవే 500 మొదలుపెడతారు, వాళ్లకీ 400 సెకన్లే. మొదటివాళ్లు పని ముగించి కమిట్ చేయబోతే "నువ్వు గ్రూప్‌లోనే లేవు" అని కమిట్ ఫెయిల్డ్ ఎర్రర్ వస్తుంది. ఇలా గంటలు తిరుగుతుంది: సీపీయూ బిజీ, డేటాబేస్ బిజీ, ల్యాగ్ (ఇంకా పూర్తికాని మెసేజ్‌ల సంఖ్య) మాత్రం ఒక్కటీ తగ్గదు. మెసేజ్‌లు తక్కువున్నంతకాలం ఇది బయటపడదు. ఎప్పుడో ఒకరోజు గంట ఆగి మొదలైనప్పుడు, ఒకేసారి 500 అందుకున్నాకే పట్టుకుంటుంది.

చాలామంది వెంటనే ఇంటర్వల్‌ని అరగంటకి పెంచుతారు. అలా చేస్తే థ్రెడ్ నిజంగా ఎక్కడైనా ఇరుక్కుపోయినప్పుడు దాన్ని గుర్తించడానికీ అరగంట పడుతుంది, రీబ్యాలెన్స్ (పార్టిషన్లు మళ్లీ పంచుకునే) సమయంలో మిగతావాళ్లు ఆ నెమ్మది సభ్యుడి కోసం ఎదురుచూసే గడువు కూడా అదే. రికార్డ్స్ తగ్గించండి. 50 పెడితే 40 సెకన్లలో అయిపోతుంది, బయటి ఏపీఐ ఐదింతలు నెమ్మదించినా 200 సెకన్లే. మీ అంకె తేల్చుకునేటప్పుడు సగటు సమయం కాకుండా, బయటి ఏపీఐ టైమ్‌అవుట్ విలువతో గుణించి చూడండి. అది 5 సెకన్లయితే 50 మెసేజ్‌లకి 250, గడువు లోపలే.

చదవలేని మెసేజ్, రెండోసారి వచ్చిన మెసేజ్

జావా క్లయింట్‌లో డీసీరియలైజర్ (బైట్లని ఆబ్జెక్ట్‌గా మార్చే భాగం) ఎర్రర్ పోల్ లోపలే పుడుతుంది. మన ట్రై-క్యాచ్ దాకా మెసేజ్ రాదు, ఆఫ్‌సెట్ ముందుకు కదలదు, మళ్లీ పోల్ చేస్తే మళ్లీ అదే మెసేజ్. ఒక్క చెడ్డ మెసేజ్ పార్టిషన్ మొత్తాన్ని ఆపేస్తుంది. బైట్ అరే డీసీరియలైజర్‌తో బైట్లుగానే తీసుకుని, జేసన్‌గా మార్చే పని మన కోడ్‌లో చేయడం తేలిక మార్గం. అలా మార్చడం కుదరకపోతే అవే బైట్లని డెడ్ లెటర్ టాపిక్‌లో (చదవలేని మెసేజ్‌లని పక్కన పెట్టే టాపిక్) వేయండి, హెడర్లలో అసలు టాపిక్, పార్టిషన్, ఆఫ్‌సెట్, ఎర్రర్ రాయండి, అక్కడ రాసినట్టు బ్రోకర్ చెప్పాకే ఇక్కడ కమిట్ చేయండి. డేటాబేస్ అందుబాటులో లేకపోవడం చెడ్డ మెసేజ్ కిందకి రాదు. అప్పుడు కన్స్యూమర్‌ని పాజ్ చేసి, పోల్ పిలుస్తూనే ఆగాలి. లేకపోతే పది నిమిషాల డేటాబేస్ అంతరాయానికి వేల మంచి మెసేజ్‌లు డెడ్ లెటర్‌లో తేలతాయి.

జేసన్ పార్సర్ మొదటి అక్షరం దగ్గరే ఎర్రర్ ఇస్తుంటే మొదటి 5 బైట్లు చూడండి. సున్నాతో మొదలై తర్వాత 4 బైట్ల అంకె ఉంటే, అవతలివాళ్లు కాన్‌ఫ్లుయెంట్ స్కీమా రిజిస్ట్రీ (మెసేజ్ నిర్మాణాల వివరాలు దాచే సర్వీస్) సీరియలైజర్‌తో రాశారు. ఆ నాలుగూ స్కీమా ఐడీ.

ఇంత చేసినా డూప్లికేట్లు వస్తాయి, రావాలి కూడా. పోగొట్టుకోకూడదని సంతకం ఆలస్యం చేస్తున్నాం కదా, దానికి చెల్లించే ధర ఇది. ప్రతి వెబ్‌హుక్‌తో వచ్చే ఎక్స్-రేజర్‌పే-ఈవెంట్-ఐడీని కాఫ్కా హెడర్‌లో వెంట పంపండి. పోస్ట్‌గ్రెస్‌లో ఆ ఐడీ ప్రైమరీ కీగా ఒక టేబుల్ పెట్టి, "ఉంటే ఏమీ చేయకు" అనే ఇన్‌సర్ట్‌నీ, ఆర్డర్ అప్‌డేట్‌నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో చేయండి. ఇన్‌సర్ట్ సున్నా వరుసలు చెబితే అప్‌డేట్ వదిలేసి కమిట్. రెండూ వేర్వేరు ట్రాన్సాక్షన్లలో ఉంటే, మధ్యలో పడిపోయినప్పుడు ఐడీ మాత్రం నమోదై ఆర్డర్ మారకుండా మిగిలిపోతుంది, మళ్లీ వచ్చినప్పుడు డూప్లికేట్ అని పక్కకి తోసేస్తాం.

సమయం ముద్ర

ఫ్లింక్ లాంటి స్ట్రీమ్ ప్రాసెసింగ్ ఇంజిన్‌కి (వచ్చే ఈవెంట్లని వచ్చినట్టే లెక్కగట్టేది) ఈ టాపిక్‌నే అందించేట్టయితే ఈవెంట్ జరిగిన సమయాన్ని ఎండ్‌పాయింట్ దగ్గరే సరిచేయాలి. రేజర్‌పే ఇచ్చేది యునిక్స్ సెకన్లు, కాఫ్కాకి కావలసింది మిల్లీసెకన్లు. 1000తో గుణించడం మరిస్తే నిన్నటి పేమెంట్ 1970 జనవరిలో జరిగినట్టవుతుంది. అది కనీసం చూడగానే తెలుస్తుంది. మన దేశపు సమయాన్ని జోన్ రాయకుండా పంపే పరికరాలతో వచ్చేది అంతకంటే మోసకారి. దాన్ని యూటీసీ అని చదివితే ఈవెంట్ ఐదున్నర గంటలు భవిష్యత్తులోకి వెళ్తుంది. వాటర్‌మార్క్ (ఏ సమయం దాకా ఈవెంట్లు వచ్చేశాయో ఇంజిన్ గీసుకునే గీత) దానితో పాటు ముందుకు దూకుతుంది, ఆ తర్వాత సరైన సమయంతో వచ్చిన ఈవెంట్లన్నీ ఆలస్యమైనవిగా తేలి పడిపోతాయి. సర్వర్ గడియారం కంటే 5 నిమిషాలు ముందున్న ఈవెంట్ ఏదైనా సరే ఎండ్‌పాయింట్ దగ్గరే పక్కన పెట్టేలా ఒక షరతు రాయండి.

లైవ్‌కి ముందు

కన్స్యూమర్ ఒక బ్యాచ్ మధ్యలో ఉండగా కిల్ -9 (ప్రాసెస్‌ని బలవంతంగా ఆపే కమాండ్) కొట్టి మళ్లీ మొదలుపెట్టండి, డేటాబేస్‌లో లెక్క సరిపోవాలి. ఒకే వెబ్‌హుక్‌ని రెండుసార్లు పంపండి. విరిగిన జేసన్ ఒకటి టాపిక్‌లో వేసి, దాని వెనకున్నవి కదులుతున్నాయో లేదో చూడండి. బ్రోకర్ ఆపి వెబ్‌హుక్ కొట్టండి, 5 సెకన్లలోపు 503 రావాలి.

లైవ్‌లో కాఫ్కా-కన్స్యూమర్-గ్రూప్స్ కమాండ్‌ని డిస్క్రైబ్‌తో నడిపితే పార్టిషన్ వారీగా ల్యాగ్ కనబడుతుంది. మొత్తం ల్యాగ్‌కి అలారం పెట్టి ఊరుకోకండి. ఐదు పార్టిషన్లు సున్నాలో ఉండి ఆరోది మాత్రమే పెరుగుతుంటే అక్కడ ఒక చెడ్డ మెసేజో, ఒకే కీతో వచ్చిపడుతున్న రద్దీయో ఉంది. వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సి వస్తే అదే కమాండ్‌లో రీసెట్-ఆఫ్‌సెట్స్‌కి తేదీ, సమయం ఇవ్వొచ్చు. ముందు గ్రూప్‌లోని కన్స్యూమర్లందరినీ ఆపాలి, ఒక్కరు నడుస్తున్నా ఒప్పుకోదు. డ్రై-రన్‌తో (నిజంగా మార్చకుండా చూపించే ఆప్షన్) వచ్చిన అంకెలు చూసుకుని, అప్పుడు ఎగ్జిక్యూట్ ఇవ్వండి.